పెట్టుకున్న మనిషి

స్ట్రెచర్ లిఫ్టులో పట్టలేదు. అంబులెన్సుతో వచ్చిన ఇద్దరూ దాన్ని అడ్డంగా పెట్టి చూశారు, ఏటవాలుగా పెట్టి చూశారు. లిఫ్టు తలుపు మూసుకోబోయి, స్ట్రెచర్ కాళ్లకు తగిలి, మళ్లీ తెరుచుకోవడం మొదలుపెట్టేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్దామా?" అన్నాడు వాళ్లలో పొట్టివాడు.

"కూర్చోబెడితే వెన్ను విరుగుతుంది," అంది పక్కనే నిలబడ్డ ఆడమనిషి. "దుప్పటి గట్టిగా చుట్టి పట్టుకుందాం. నువ్వు తలవైపు రా. నువ్వు నడుం దగ్గర పట్టు. కాళ్లు నేను చూసుకుంటా. మెట్ల మలుపు దగ్గర ఆగాలి, నేను చెప్తేనే కదలాలి. సరేనా?"

మూడు అంతస్తులు అలాగే ఎక్కించారు. మెట్ల చప్పుడుకి ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. చెప్పులు చేత పట్టుకున్న ఒకాయన, తల తుడుచుకుంటున్న ఒకామె గుమ్మాల్లో నిలబడి చూశారు. దుప్పట్లో ఉన్న ముసలావిడ మెలకువగానే ఉంది గానీ, కళ్లు తెరిస్తే ఎవరు కనిపిస్తారోనని గట్టిగా మూసుకుంది. మంచం మీద పడుకోబెట్టి, మనుషులు వెళ్లిపోయాక, మొదట అన్న మాట ఇది:

"అందరి ముందూ అంత గొంతేసుకుని అరవాలా?"

"అరవకపోతే పడేసేవాళ్లమ్మా."

"పడేస్తే పోయేదాన్ని. ఆయాలాగా ఆ ఆర్డర్లేంటి?"

కూతురు దిండు సర్దింది. ఆమె ఆయానే.

ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తమ్ముడు పుట్టినప్పటి నుంచీ ఆమె "పెద్దది". నలభై ఏడేళ్లు వచ్చినా పెద్దదే. పద్దెనిమిదో ఏట ఒక ఆస్పత్రిలో వార్డు ఆయాగా చేరి పదకొండేళ్లు చేసింది. ఆ తర్వాత ఏజెన్సీ తరఫున ఇళ్లకు వెళ్లి, మంచాన పడ్డవాళ్లను చూసుకునే పనిలోకి మారింది. పెళ్లి చేసుకుంది, అది నిలవలేదు. పిల్లల్లేరు. తిప్పడం, తుడవడం, కడగడం, తినిపించడం, ఆఖరికి కళ్లు మూయడం. ఈ పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్లు లేరు, కన్నతల్లి తప్ప.

తల్లి ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. సుద్దపొడి వేళ్లకి అంటితే రుమాలుతో తుడుచుకుని గానీ పుస్తకం ముట్టుకునేది కాదు. "మీ అమ్మాయి ఏం చేస్తోంది మేడమ్?" అని ఎవరైనా అడిగితే "ఆస్పత్రిలో ఉంది" అనేది. అడిగినవాళ్లు డాక్టరనుకున్నా, నర్సనుకున్నా, అది వాళ్ల ఇష్టం. ఆవిడ సరిదిద్దేది కాదు. జీవితమంతా తప్పులు సరిదిద్దిన మనిషి ఆ ఒక్క తప్పునూ అలా వదిలేసింది.

ఆ స్కూల్లో చదివిన ప్రతి పిల్లకీ తెలిసిన కథ ఒకటుంది. తొమ్మిదో క్లాసు యాన్యువల్ పరీక్షలో టీచరు గారి సొంత కూతురికి లెక్కల్లో ముప్ఫై మూడు వచ్చాయి. పాసుకు ముప్ఫై ఐదు కావాలి. పేపర్లు దిద్దింది టీచరు గారే. "రెండు మార్కులేగా మేడమ్, ఎక్కడో ఒకచోట పడెయ్యండి" అని తోటి టీచర్లు బతిమాలారట. ఆవిడ వెయ్యలేదు. నీతి అంటే అదీ అని హెడ్ మాస్టారు అసెంబ్లీలో లేచి చెప్పాడు. ఆ నీతి కింద పడి నలిగిన పిల్ల మళ్లీ తొమ్మిదిలోనే, తనకంటే చిన్నపిల్లల మధ్య, ఆఖరి బెంచీలో కూర్చుంది. తల్లి హాజరు తీసుకుంటూ "థర్టీ సెవెన్" అనేది. ఆమె లేచి "ప్రెజెంట్ మేడమ్" అనేది. ఆరు నెలలు అన్నది. ఆ తర్వాత ఒకరోజు సంచీ గోడకు తగిలించి, ఇక స్కూలుకి వెళ్లనంది.

ఇప్పుడు తల్లికి డెబ్భై ఎనిమిది. కడుపులో మొదలైన జబ్బు వెన్నులోకి పాకి, నడుం కింద స్పర్శ పోయింది. "ఇక మేం చెయ్యగలిగింది నొప్పి లేకుండా చూడటం ఒక్కటే. అది ఇంట్లో కూడా చెయ్యొచ్చు," అన్నాడు డాక్టరు. గాలి పరుపూ, నాలుక కింద వేసే నొప్పి మందూ ఇచ్చి పంపారు. వారానికి రెండుసార్లు నర్సు ఇంటికొస్తుందన్నారు. మిగిలింది నెల, మహా అయితే రెండు నెలలు.

"నన్ను చూసుకోడానికి ఎవరో ఒక మనిషిని పెట్టండి," అంది తల్లి ఆస్పత్రిలో ఉండగానే. "ఇది వద్దు."

తమ్ముడు అక్కను వరండాలోకి పిలిచాడు. ఊరికి ఆ చివర ఉంటాడు, ఇన్సూరెన్స్ ఆఫీసులో పెద్ద హోదా. "ఎవరో బయటివాళ్లు ఎందుకక్కా? నీకు అలవాటే కదా," అన్నాడు.

అలవాటే కదా. అలవాటే, ఎవరెవరి తల్లులకో. అయినా ఏజెన్సీకి ఫోన్ చేసి, కొన్నాళ్లు పనికి రాలేనని చెప్పింది.

అలవాటైన పనే అయినా మొదటి రోజు నుంచే పోరు. స్పర్శ లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే చర్మం మీద బరువు పడి పుండ్లు పడతాయి. తిప్పబోతే తల్లి మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుని వదిలేది కాదు. డైపరు మార్చబోతే, "ఎటు చూస్తున్నావ్? అటు తిరుగు," అనేది.

"చూడకపోతే ఎలా తుడవనమ్మా?"

"తుడవక్కర్లేదు. ఉండనీ."

"పుండు పడుతుంది."

"పడనీ. నువ్వు చూడకు."

కిటికీ తెరలు వేసి, నడుం మీద తువ్వాలు కప్పి, దాని కిందే చేతులు పెట్టి తడుముకుంటూ చేసినా తల్లి ఒళ్లు కర్రలా బిగిసేది. అయ్యాక గోడవైపు మొహం తిప్పుకునేది. ఒకసారి చెంచాతో పాలు పడుతుంటే ముక్కు చిట్లించి, "నీ చేతులు ఆస్పత్రి వాసన," అంది. అరగంట కిందటే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్న చేతులవి. పెద్దది మళ్లీ కడుక్కొచ్చి పట్టింది. తల్లి నోరు తెరవలేదు. పాలు చల్లారిపోయాయి.

వాదించే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు. వంటింట్లోకి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి కిందికి చూసేది. కింద టైర్ల షాపు. గాలి కొట్టే గొట్టం తీసినప్పుడల్లా "ఫుస్" మని చప్పుడు. ఒకడు టైరును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి, అక్కడ సుద్దతో గీత గీస్తుండేవాడు. ఆ పని చూస్తే ఆమెకు కాస్త స్థిమితంగా ఉండేది. పోతున్న గాలి ఎక్కడినుంచి పోతోందో కనిపిస్తే చాలు, అతుకు వేసెయ్యొచ్చు.

ఇంటికొచ్చే నర్సు ఆమెకంటే పదిహేనేళ్లు చిన్నది, చురుకైన పిల్ల. రెండో వారం వచ్చి దుప్పటి తీసి చూసి, "నడుం మీద ఒక్క మచ్చ కూడా లేదే!" అంది. "ఇంత శుభ్రంగా చూడటం ఎక్కడ నేర్చుకున్నారక్కా?"

పెద్దది నోరు తెరిచే లోపే మంచం మీంచి జవాబొచ్చింది. "ఏదో పుస్తకంలో చూసి చేస్తోంది."

నర్సు పెద్దదాని చేతులవైపు చూసింది. మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలించి పట్టుకునే, పాత పక్కగుడ్డను చుట్టచుట్టి వీపు కిందికి తోసి, కొత్తది దాని వెంటే పరుస్తున్నాయి ఆ చేతులు. మంచం మీది మనిషి కదిలినట్టు కూడా లేదు. నర్సు వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఏ ఏజెన్సీ అక్కా?" అంది. పెద్దది చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంటికొచ్చాక ఆమె నవ్వింది అదే.

మూడో వారంలో స్కూలు నుంచి మనుషులొచ్చారు.

వస్తున్నామని ముందే ఫోన్ చేశారు. తల్లి పొద్దున్నించే హడావుడి. తెల్ల దుప్పటి తీయించి కప్పించుకుంది. జుట్టు దువ్వించుకుని, కళ్లజోడు పెట్టించుకుంది. మంచం పక్కన వేలాడే మూత్రం సంచీ మీద తువ్వాలు కప్పించింది. మందుసీసాలు బల్ల సొరుగులో దాయించింది. నాలుగింటికి వచ్చారు, ముగ్గురు. ముందున్నావిడ ఇప్పటి హెడ్ మేడమ్, ఒకప్పుడు తల్లి దగ్గరే లెక్కలు నేర్చుకున్న పిల్ల. వెనక ఇద్దరు టీచర్లు. స్కూలు మ్యాగజైన్‌లో ఆవిడ గురించి ఒక వ్యాసం వేస్తున్నామనీ, ఫొటో కావాలనీ చెప్పారు. తల్లి మొహంలోకి వెలుగొచ్చింది. గొంతు కూడా ఒక మెట్టు పైకెక్కింది.

పెద్దది అప్పుడే ఒళ్లు తుడిచిన నీళ్ల బేసిన్ పట్టుకుని బాత్రూములోకి పోతోంది. భుజాన తడి తువ్వాలు. మోచేతుల పైకి మడిచిన కుర్తా చేతులు.

"మరి మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారు మేడమ్?" అంది హెడ్ మేడమ్. "అమ్మాయి వచ్చిందా? ఏదో పెద్దాస్పత్రిలో ఉందన్నారు కదా?"

"దానికి తీరికేదీ," అంది తల్లి. "ఊపిరాడని పని. అందుకే ఒక మనిషిని పెట్టుకున్నాం." గడ్డంతో గుమ్మంవైపు చూపించింది. "పని బాగానే చేస్తుంది."

పెద్దదానికి తల కొట్టేసినట్టయింది. బేసిన్‌లో నీళ్లు తొణికి ఆమె పాదాల మీద పడ్డాయి. హెడ్ మేడమ్ వెనక్కి తిరిగి, ఒక నవ్వు నవ్వింది. ఇలాంటి పనివాళ్లకు ఇళ్లల్లో దొరికే నవ్వు అది, పెద్దదానికి బాగా ఎరుకైన నవ్వే.

"ఏమ్మా, మా మేడమ్‌ని జాగ్రత్తగా చూసుకో. మాకందరికీ అమ్మలాంటిది."

తల్లి కళ్లజోడులోంచి ఆమెనే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం ఉందా, బెదిరింపు ఉందా అనేది పెద్దదానికి తెలియలేదు. రెండూ ఉన్నాయేమో.

"అలాగేనండి," అంది పెద్దది. బేసిన్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, "టీ పెట్టమంటారా మేడమ్?" అని తల్లిని అడిగింది.

ఒక్క క్షణం తల్లి రెప్పలు వాలాయి. "పెట్టమ్మా," అంది.

ముగ్గురూ టీ తాగి, ఫొటో తీసుకుని వెళ్లారు. తలుపు మూశాక ఇంట్లో గాలి పరుపు మోటారు గుర్రుమనడం తప్ప చప్పుడు లేదు. పెద్దది కప్పులు కడిగింది. తల్లి ఏమైనా అంటుందని చూసింది. క్షమించు అనక్కర్లేదు, అరిచినా చాలు, ఎత్తిపొడిచినా చాలు. తల్లి, "ఆ కళ్లజోడు తియ్యి," అని మాత్రం అంది.

ఆరింటికి పక్కకు తిప్పాలి. పెద్దది మంచం దగ్గర నిలబడి, ఏ ఇంట్లో ఏ ముసలావిడ దగ్గర ఎలా మాట్లాడుతుందో సరిగ్గా అలాగే, "మేడమ్, ఎడమవైపు తిప్పుతున్నాను. ఈ చెయ్యి ఇలా ఛాతీ మీద పెట్టుకోండి," అంది.

కొట్టడానికే అన్న మాట అది. తగలాలనే అంది.

తల్లి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది. మంచం పట్టీ పట్టుకోలేదు, ఒళ్లు బిగించలేదు. తిప్పి, వీపు వెనక దిండు ఆనించి, మోకాళ్ల మధ్య ఇంకో దిండు పెట్టాక, గోడవైపే చూస్తూ, "థాంక్సమ్మా," అంది.

నలభై ఏడేళ్లలో తల్లి నోట ఆ మాట ఆమె వినలేదు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో కూతురు లేదు. మేడమ్ ఉంది, మేడమ్‌ని చూసుకునే మనిషి ఉంది. విచిత్రమేమిటంటే పని సులువైపోయింది. డైపరు మార్చేటప్పుడు తెరలు వెయ్యక్కర్లేకపోయింది, తువ్వాలు కప్పక్కర్లేకపోయింది. పాలు పడితే తాగింది. "కొంచెం పైకి లాగమ్మా", "ఆ దిండు సర్దమ్మా", "నువ్వు తిన్నావా అమ్మా?" అని అడిగేది. పరాయిదాని ముందు సిగ్గు లేదు ఆవిడకి. కన్నకూతురి ముందే ఉంది. కొడదామని ఎత్తిన మాట, దెబ్బ తగలాల్సిన మనిషికి మందులా పనిచేస్తోంది.

ఆదివారాలు తమ్ముడు వచ్చేవాడు. మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "ఎలా ఉన్నావమ్మా?" అనేవాడు. తల్లి "బాగున్నాను" అనేది. అయిదు నిమిషాలకు అతను వరండాలోకి వెళ్లి ఫోన్ చూసుకునేవాడు. అక్క "మేడమ్" అని పిలవడం ఒకసారి విన్నాడు. "అదేంటక్కా?" అన్నాడు. "ఆవిడకి అలాగే బాగుంది," అంది. ఇంకేం అడగలేదు. అడగకపోవడం అతనికి చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

నొప్పి పెరిగింది. నర్సు మందు మోతాదు పెంచింది. తల్లి సగం నిద్రలో, సగం మెలకువలో ఉండేది. ఒక్కోసారి గాలిలో సుద్దముక్కతో రాస్తున్నట్టు వేళ్లు కదిపేది. స్కూలువాళ్లు వచ్చి వెళ్లిన తొమ్మిదో రోజు, పొద్దున పదకొండు గంటలప్పుడు, గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడుస్తుంటే, ఉన్నట్టుండి అడిగింది:

"నీకు పిల్లలెంతమందమ్మా?"

"లేరండి."

"నాకొక కూతురుంది."

పెద్దదాని చేతిలో గుడ్డ ఆగింది. మళ్లీ కదిలింది. "అలాగా మేడమ్," అంది.

"దానికి లెక్కలు రావనుకుంటారు అందరూ. వచ్చు. నెమ్మదిగా చేస్తుంది, అంతే. టైము చాలదు దానికి." కాసేపు ఊపిరి తీసుకుంది. "తొమ్మిదిలో ఫెయిల్ చేశాను."

"విన్నానండి. రెండు మార్కులటగా."

"రెండు కాదు." తల్లి కళ్లు పైకప్పు మీద ఉన్నాయి. "ఆరో లెక్క. నీళ్ల ట్యాంకు లెక్క. రెండు గొట్టాల్లోంచి నీళ్లొస్తాయి, ఒక గొట్టంలోంచి పోతాయి. స్టెప్పులన్నీ కరెక్టు. ఆఖర్న కూడికలో తప్పింది. అలా చేసినవాళ్లకి అయిదుకి నాలుగు వెయ్యాలి. ఆ క్లాసులోనే ముగ్గురికి వేశాను. దానికి సున్నా వేశాను."

పెద్దది చంకలో తుడిచింది. మెడ కింద తుడిచింది. "ఎందుకు మేడమ్?" అంది. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

"వేస్తే పాసవుతుంది. పాసైతే, టీచరు కూతురు కాబట్టి పాసైందంటారు."

"మరి తర్వాతైనా అమ్మాయికి చెప్పలేదా?"

"ఎలా చెప్తాను? అప్పటికే అసెంబ్లీలో చప్పట్లు కొట్టేశారు." పెదాలు ఎండిపోయి అంటుకుంటున్నాయి. నాలుకతో తడుపుకుంది. "అయినా చెప్పి ఏం లాభం ఇప్పుడు? ఆయా అయిపోయిందిగా." తర్వాత, ఏ తేడా లేని గొంతుతో, "వీపు కాస్త తుడువమ్మా. చెమట," అంది.

తుడిచింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. బట్టలు మార్చింది, కుడివైపు ఒత్తిగిలించి పెట్టింది, బేసిన్ ఖాళీ చేసి కడిగి బోర్లించింది. వంటింట్లోకి వెళ్లి స్టూలు మీద కూర్చుంది.

ఒంటిగంటకు మళ్లీ తిప్పాలి. ఒంటిగంట అయింది. ఆమె లేవలేదు.

నాలుగేసి మార్కులు పడ్డ ఆ ముగ్గురు ఎవరై ఉంటారా అని ఆలోచించింది. ముందు బెంచీలో కూర్చునే రెండు జడల పిల్ల అయ్యుంటుందా? నీళ్ల ట్యాంకు లెక్క ఆమెకు గుర్తు లేదు. పరీక్ష రోజు పెన్ను కక్కి వేళ్లన్నీ నీలమైతే, ఆ వేళ్లతోనే రాసిందని మాత్రం గుర్తుంది. తను మొద్దునని ముప్ఫై మూడేళ్లుగా ఆమె నమ్మింది. మందుల చీటీలో చుక్కల లెక్క ఉంటే మూడుసార్లు సరిచూసుకునేది, మొద్దుని కదా అని. ఏజెన్సీవాళ్లు సూపర్‌వైజరుగా చెయ్యమంటే రాతపని ఉంటుందని భయపడి వద్దంది. పెళ్లైన కొత్తలో మొగుడు "నీకేం తెలుసు" అంటే, నిజమే కదా అనుకుంది.

ఒంటిగంటా పది. కింద టైర్ల షాపులో గాలి "ఫుస్" మంది. లోపల ఆవిడ కుడి తుంటి మీద ఒళ్లంతా బరువేసి పడి ఉంది. తనంతట తాను అంగుళం కూడా జరగలేదు. చెయ్యెత్తి కొట్టక్కర్లేదు. ఇలా కూర్చుంటే చాలు. ఏజెన్సీలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఇలా అరగంట ఆలస్యం చేస్తే, ఆమెను నలుగురిలో నిలబెట్టి కడిగేసింది పెద్దది. అది గుర్తొచ్చినా లేవలేదు. ఒంటిగంటా ఇరవై. ఇరవై అయిదు.

అప్పుడు లేచింది. జాలి కలిగి కాదు, ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. కాళ్లు లేచాయి.

తిప్పి చూస్తే తుంటి మీద అరచేతి మేర ఎర్రగా కందిపోయి ఉంది. బొటనవేలితో నొక్కింది. తెల్లబడి, నెమ్మదిగా మళ్లీ ఎర్రనైంది. పుండు కాలేదు ఇంకా. ఊపిరి వదిలి, నూనె చేతికి రాసుకుని, దాని చుట్టూ మెల్లగా రుద్దింది.

"ఇవాళ ఆలస్యమైందమ్మా," అంది తల్లి, కళ్లు తెరవకుండా.

"క్షమించండి మేడమ్."

ఆ మార్కుల సంగతి తల్లి ఎవరితో చెప్పిందో ఆమెకు తేలలేదు. మందు మత్తులో నిజంగానే ఎవరో ఆయా అనుకుందా? లేక ఆయా అనే ముసుగు దొరికింది కాబట్టి కూతురికే చెప్పిందా? నర్సు వచ్చినప్పుడు వరండాలో అడిగింది. "ఒకోసారి గుర్తుపడతారు, ఒకోసారి పట్టరు. మీకు తెలియందేముందక్కా," అంది నర్సు. తెలుసు. ఎంతోమంది విషయంలో, రెప్పలు చూసి, ఊపిరి చూసి చెప్పగలిగింది. ఈ ఒక్క మనిషి విషయంలో చెప్పలేకపోయింది. తల్లి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఈమె అడగలేదు. అడిగితే "ఏ కూతురు?" అంటుందేమో. లేదా "నువ్వే కదే" అంటుందేమో. ఏది విన్నా భరించలేననిపించింది.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున తొమ్మిదింటికి, తల్లి ఊపిరి మారింది. గబగబా నాలుగు తీసుకుని, ఆగి, చాలాసేపటికి ఇంకొకటి. పెద్దది తమ్ముడికి ఫోన్ చేసి, "బయల్దేరు," అంది. మంచం పక్కన కూర్చుని, దూది తడిపి పెదాలకు అద్దుతూ ఉంది. తల్లి కళ్లు సగం తెరిచి ఉన్నాయి. చివర్న పోయేది వినికిడే అని ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది కొడుకులకీ కూతుళ్లకీ చెప్పింది ఆమె! పిలవండి, మాట్లాడండి, వినిపిస్తుంది అని వాళ్ల భుజాలు పట్టి మంచం దగ్గరకు తోసింది. ఇప్పుడు తనే వంగి, తల్లి చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా" అందామనుకుంది.

నోరు తిరగలేదు. "మేడమ్," అంది. "ఇక్కడే ఉన్నాను మేడమ్."

ఆ తర్వాత ఇంకో రెండు ఊపిర్లు. అంతే.

ఆమె లేచి గడియారం చూసింది. కళ్లు మూసి, దవడ కింద తువ్వాలు చుట్టి పెట్టింది. మూత్రం గొట్టం తీసింది, ఒళ్లంతా తుడిచింది, చేతులూ కాళ్లూ బిగుసుకోకముందే సర్దింది, దువ్వి జడ వేసింది. తల్లికి ఇష్టమైన బట్టలేవో ఆమెకు తెలియదు. బీరువాలో ముందున్నవి తీసి తొడిగింది. అంతా అయ్యాక తమ్ముడొచ్చాడు. ఈసారి రుమాలు అడ్డం పెట్టుకోలేదు. పక్క మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మధ్యాహ్నానికి స్కూలువాళ్లూ వచ్చారు. హెడ్ మేడమ్ చాలాసేపు ఆ మొహం చూస్తూ నిలబడి, కళ్లు తుడుచుకుంది. పెద్దదాని దగ్గరకొచ్చి, "నిద్రపోతున్నట్టే ఉన్నారు. కన్నకూతురు కూడా ఇంత బాగా చూసుకోదమ్మా," అంది. చుట్టూ చూసి, "ఇంతకీ ఆ అమ్మాయి రాలేదా?"

తమ్ముడు తలెత్తాడు. "ఈవిడే అండీ మా అక్క."

హెడ్ మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదేంటి... ఆ రోజు మేడమ్..."

"మేడమ్ చెప్పిందీ అబద్ధమేం కాదండి," అంది పెద్దది. "నేను చేసేది ఆ పనే."

తమ్ముడు ఏమీ అర్థం కాక ఇద్దరివైపూ చూశాడు. హెడ్ మేడమ్ ఎటు చూడాలో తెలియక ఒక నిమిషం ఇబ్బంది పడి, అంతలోనే ఒక దారి దొరికినట్టు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అయితే ఆ రెండు మార్కుల అమ్మాయి మీరేనా! ప్రతి ఏడూ మా పిల్లలకి మీ గురించే చెప్తాం తెలుసా? రేపు వ్యాసంలో కూడా..."

"రెండు కాదండి. నాలుగు."

"ఆఁ?"

"నాలుగు మార్కులు. వెయ్యాల్సినవి వెయ్యలేదు. ఆవిడే చెప్పింది."

హెడ్ మేడమ్ ఆ మాట విననట్టే, దుఃఖంలో ఉన్నవాళ్లు ఏవేవో అంటారులే అన్నట్టు, ఆమె భుజం తట్టింది. వ్యాసం రెండు మార్కులతోనే అచ్చవుతుందని పెద్దదానికి అప్పుడే తెలిసిపోయింది.

అయిదింటికి బండి వచ్చింది. ఈసారి మెట్లమీద నుంచి ఎలా దించాలో ఎవరికీ ఆమె చెప్పలేదు. ఎలాగో దించుకున్నారు. అన్నీ అయి ఇంటికి తిరిగొచ్చాక, పెద్దది తల్లి గదిలో గాలి పరుపు మోటారు ఆపి, పరుపు మూత తీసింది. నర్సు వచ్చి తీసుకెళ్లాల్సిన సామాను ఒకచోట చేర్చసాగింది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికొచ్చి, ఖాళీ మంచం అంచు మీద కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు. "అమ్మ నా గురించి ఏమన్నా అందా? ఆఖర్న?"

ఆమె చేతులు ఆగాయి.

ఆ రోజులన్నీ వెతికింది. ఒళ్లు తుడిపించుకుంటూ, పాలు తాగుతూ, మగతలో, మెలకువలో, ఆయాతో ఆవిడ ఎన్నో చెప్పింది. స్కూలు గురించి, హెడ్ మాస్టారి గురించి, కింద టైర్ల షాపు చప్పుడు గురించి. నాకొక కూతురుంది అంది. కొడుకున్నాడని ఒక్కసారి కూడా అనలేదు.

ఆ సంగతి అంతకుముందు ఆమెకు తట్టనే లేదు. ఇప్పుడు తట్టి, గుండెలో ఒక చోట వెచ్చగా, దాని పక్కనే అంతకంటే చేదుగా అనిపించింది. తమ్ముడు ఆమెవైపే చూస్తున్నాడు. నలభై దాటిన మనిషి కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. ఒక్క మాట చాలు. అలవాటే కదా అన్నందుకు, అడగకుండా ఊరుకున్న అన్ని ఏళ్లకు, ఒక్క నిజం చెబితే చాలు, జన్మంతా మోస్తాడు.

పోయినవాళ్ల ఇళ్లల్లో చెప్పే మాటలు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. అవి కూడా పనిలో భాగమే. ఎన్ని ఇళ్లల్లో ఎంతమందికి చెప్పిందో!

"అడుగుతూ ఉండేది," అంది. "ఆదివారం ఎప్పుడొస్తుందని."

తమ్ముడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె పరుపు మీద మోకాలు ఆనించి, అందులో మిగిలిన గాలంతా పోయేదాకా నొక్కింది. తర్వాత దాన్ని మడిచి, మోటారు వైరు చుట్టి, తలుపు దగ్గర పెట్టి, తన సంచీ సర్దుకోవడానికి లేచింది.